నలుగురు సైనికుల నుంచి నాలుగు వందల ట్యాంకుల దాకా

1994లో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన వార్‌క్రాఫ్ట్ ఆటలో ఒక వింత నియమం ఉండేది. ఎంత పెద్ద దండు ఉన్నా, మౌస్‌తో ఒక్కసారికి నలుగురిని మించి ఎంచుకోవడం కుదరదు. పదహారు మందిని వంతెన దాటించాలంటే నాలుగుసార్లు ఎంచుకుని నాలుగుసార్లు చెప్పాలి. అప్పటి కంప్యూటర్లకు అంతకన్నా చేతకాలేదేమో అనిపిస్తుంది. నిజానికి మొదట్లో ఎంతమందినైనా ఎంచుకునే వీలు ఉండేదని, జట్టులో చాలా వాదోపవాదాలు జరిగాక కావాలనే నాలుగు దగ్గర కట్టడి చేశామని ఆ ఆట నిర్మాతల్లో ఒకరైన పాట్రిక్ వ్యాట్ తర్వాత రాశారు. ఆడేవాళ్లు గుంపును పోగేసి ఒక్కుమ్మడిగా మీదికి తోలేయకూడదు, ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నారో చూసుకోవాలి అన్నది వారి ఉద్దేశం. 1995లో వచ్చిన రెండో వార్‌క్రాఫ్ట్‌లో ఆ సంఖ్య 9 అయింది, 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌లో 12 అయింది. ఆ మధ్యలో, 1997లో, కేవ్‌డాగ్ అనే సంస్థ నుంచి టోటల్ యానిహిలేషన్ వచ్చింది. దానిలో ఈ కట్టడి లేదు. భారీ రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటల (వంతులు లేకుండా, గడియారం ఆగకుండా సాగే యుద్ధవ్యూహ క్రీడల) కథను సాధారణంగా ఇక్కడి నుంచి అంకెల్లో చెబుతారు: వందల ట్యాంకులు, వేల సైనికులు, కిలోమీటర్ల మ్యాపులు. నాకు మాత్రం ఈ ఆటల్లో సైన్యంతో పాటు ఆడేవాడి హోదా కూడా పెరిగిందని, జనాన్ని కట్టిపడేసింది ఆ రెండోదేనని అనిపిస్తుంది. సిపాయిల వెనక నిలబడి అదిలించే హవల్దారును తీసుకెళ్లి సేనాపతి డేరాలో కూర్చోబెట్టిన ఆటలివి.

ఆ డేరా కంప్యూటర్లకు చాలా ముందే వెలిసింది. ప్రష్యాలో 1812లో బారన్ ఫాన్ రైస్విట్స్ ఒక యుద్ధక్రీడను తయారుచేసి రాజుగారికి చూపించాడు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆయన కొడుకు దాన్ని చక్కదిద్ది 1824లో అచ్చు వేయించాడు. దాని పేరు క్రీగ్స్‌ష్పీల్. చదరంగంలో ఇరుపక్షాల బలగం అందరి కళ్లెదుటే ఉంటుంది, జరిపిన పావు ఆ క్షణమే కొత్త గడిలో ఉంటుంది. క్రీగ్స్‌ష్పీల్ ఈ రెండు సౌకర్యాలనూ తీసేసింది. బల్ల మీద 1:8000 కొలతలో గీసిన పటం, మధ్యలో ఒక మధ్యవర్తి. కంటపడనంతవరకు శత్రువు దిమ్మలను పటం మీద పెట్టరు. ఆజ్ఞలు మధ్యవర్తి ద్వారానే దళాలకు చేరాలి, చేరడానికి సమయం పడుతుంది. ఒక్కో వంతు రణరంగంలో 2 నిమిషాల కాలానికి సమానం. సేనాపతికి అంతా కనబడదు, అన్నది తక్షణం జరగదు అనే రెండు నిజాలను ఆట నియమాలుగా మార్చడం రైస్విట్స్ తండ్రీకొడుకుల ఘనత. ప్రష్యా సైన్యం దీన్ని అధికారుల శిక్షణకు వాడుకుంది. దీనిలోని చిక్కల్లా మధ్యవర్తితోనే. పాచికలు, నష్టాల పట్టికలు, దూరాల కొలతలు అన్నీ ఒక్కడే చూసుకోవాలి. అలుపులేని మధ్యవర్తి దొరకడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

యంత్రం ఆ పని చేపట్టాక కూడా హోదా వెంటనే పెరగలేదు. 1989లో జపాన్ సంస్థ టెక్నోసాఫ్ట్ చేసిన హెర్జోగ్ జ్వైలో ఆడేవాడు స్వయంగా ఒక యుద్ధయంత్రాన్ని నడుపుతూనే ట్యాంకులు కొని వాటికి పని పురమాయించాలి. 1992లో లాస్ వేగాస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్ తెచ్చిన డ్యూన్ 2 ఈ జాతి ఆటలకు ఇప్పటికీ ఉన్న రూపురేఖలు ఇచ్చింది: స్థావరం కట్టు, సరుకు తవ్వుకో, ఫ్యాక్టరీ పెట్టు, దండు పంపు, అన్నీ మౌస్‌తోనే, గడియారం ఆగకుండానే. కానీ అందులో ఒకసారికి ఒక్క యూనిట్‌నే ఎంచుకోగలం. గీత గీసి గుంపును పట్టుకునే పద్ధతితో 1995 నాటి కమాండ్ అండ్ కాంకర్ ఊపిరి తీసుకోనిచ్చింది. అయినా ఆ గుంపుకు ఒక ఆజ్ఞ ఇస్తే అది పూర్తయ్యేదాకా ఆడేవాడు అక్కడే కాపలా కాయాల్సి వచ్చేది.

టోటల్ యానిహిలేషన్‌కు సారథి క్రిస్ టేలర్, కెనడా మనిషి. కేవ్‌డాగ్ మాతృసంస్థ హ్యూమాంగస్ ఎంటర్‌టైన్‌మెంట్ అప్పటిదాకా చిన్నపిల్లల బొమ్మల ఆటలకే పేరుబడ్డది. ఆ ఇంటి నుంచి సర్వనాశనం అన్న పేరుతో ఆట రావడం ఒక చమత్కారం. దీనిలో 3డీ యూనిట్లు, కొండకు తగిలితే ఆగిపోయే గుండ్లు ఉన్నాయని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. నా దృష్టిలో అసలు విప్లవం డబ్బు లెక్కలో జరిగింది. మిగతా ఆటల్లో ట్యాంకుకు ఒక ధర, చేతిలో ఆ సొమ్ముంటే కొనడం, లేకుంటే ఆగడం. ఇక్కడ లోహం, విద్యుత్తు అనే రెండు వనరులు క్షణక్షణం వచ్చిపడుతుంటాయి, ప్రతి నిర్మాణమూ తను పూర్తయ్యేదాకా వాటిని కొంచెం కొంచెంగా తాగుతుంటుంది. సొమ్ము లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు. కానీ రాబడికి మించి పనులు పెట్టుకుంటే అన్నీ ఒకేసారి నత్తనడక నడుస్తాయి. కనుక ఆడేవాడు ఎంత ఉంది అని కాక, ఏ వేగంతో వస్తోంది, ఏ వేగంతో పోతోంది అని ఆలోచించడం మొదలుపెడతాడు. దీనికి జోడీగా ఆజ్ఞల వరస వచ్చింది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని, ఇక్కడ గని, అక్కడ రాడార్, ఆపైన గోడ అని ఒక నిర్మాణయంత్రానికి పది పనులు చెప్పి మరచిపోవచ్చు. గస్తీ తిరగమంటే అదే దారిలో దెబ్బతిన్నవాటిని బాగుచేస్తుంది, కూలిన ట్యాంకుల ఇనుమును ఏరుతుంది. ఫ్యాక్టరీకి ముందే దారి చూపిస్తే కొత్తగా పుట్టిన ప్రతి యూనిట్ ఆ దారినే పోతుంది. రణరంగంలో పడిన శకలాలు మాయం కావు, లోహంగా మారేదాకా అక్కడే ఉంటాయి. కాబట్టి ఓడిన దాడి శత్రువు గుమ్మంలో ఇనుము కుప్పపోసి ఇచ్చినట్టే. ఒక్కొక్కరికి మొదట 200 యూనిట్ల పరిమితి, తర్వాత 500. ఆ సంఖ్యను మోయగలిగింది ఈ ఏర్పాట్ల వల్లే. వీటిని తీసేసి 500 ట్యాంకులు ఇచ్చి ఉంటే అది ఆట కాదు, శిక్ష.

వందల యూనిట్ల కదలికలు ఫోన్ తీగల మీద ఇద్దరి కంప్యూటర్లలో ఒకేలా ఎలా సాగాయన్నది ఈ చరిత్రలో అందరూ దాటేసే ఘట్టం. అదే 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇంజినీర్లు పాల్ బెట్నర్, మార్క్ టెరానో దీన్ని తర్వాత వివరంగా రాశారు. సెకనుకు 28,800 బిట్లు మోసే మోడెమ్ మీద ప్రతి యూనిట్ స్థానం, స్థితి పంపుతూ పోతే ఆట మొత్తంలో 250 కదిలే యూనిట్లు దాటవని వాళ్లు లెక్క తేల్చారు. అందుకే స్థానాలు పంపడం మానేసి, ఆజ్ఞలు మాత్రమే పంపారు. ప్రతి కంప్యూటరూ అదే ఆటను తనంతట తాను మొదటి నుంచి లెక్క కడుతుంది, అందరికీ ఒకే జవాబు రావాలి. రాకపోతే ఆట విరిగిపోతుంది. మొదట్లో ఒక జింక పిసరంత పక్కన నిలబడినా, నిమిషాల తర్వాత ఒక వేటగాడి గురి తప్పి మాంసం ఇంటికి రాదు, అక్కడి నుంచి ఇద్దరి ప్రపంచాలు వేరైపోతాయి. ఆజ్ఞ ఇచ్చిన క్షణానికీ అమలయ్యే క్షణానికీ మధ్య కాస్త ఆలస్యం కూడా తప్పదు. ఆ ఆలస్యం నిలకడగా ఉంటే ఆడేవాళ్లు పట్టించుకోలేదని, ఒకసారి వేగంగా ఒకసారి నెమ్మదిగా ఉంటేనే విసుక్కున్నారని వాళ్ల పరిశీలన. అంటే, ప్రష్యా మధ్యవర్తి కావాలని పెట్టిన జాప్యం ఇక్కడ మోడెమ్ పుణ్యమా అని తిరిగి వచ్చింది. ఆట అంటే ఆజ్ఞల జాబితా మాత్రమే కావడంతో గంట యుద్ధం కూడా చిన్న ఫైలులో ఇమిడిపోతుంది. ఓడినవాళ్లు దాన్ని మళ్లీ నడిపించుకుని ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కోవచ్చు.

టేలర్ 1998లో సొంతంగా గ్యాస్ పవర్డ్ గేమ్స్ పెట్టుకుని, 2007లో సుప్రీమ్ కమాండర్ తెచ్చారు. ఒక్కో వైపు 81 కిలోమీటర్ల మ్యాపు అన్న ప్రచారం అందరినీ ఆకర్షించింది. అంత పెద్ద మ్యాపులో ఆడేవాళ్లు నిజానికి తక్కువ. ఈ ఆట వదిలివెళ్లిన ఆస్తి మౌస్ చక్రం. దాన్ని వెనక్కి తిప్పుతూ పోతే ట్యాంకు నుంచి లోయ, లోయ నుంచి ఖండం కనబడేదాకా ఆగకుండా పైకి లేస్తాం. దూరం పెరిగాక యంత్రాలు కనుమరుగై వాటి స్థానంలో రంగు గుర్తులు మిగులుతాయి. ఆ ఎత్తులో నుంచే ఆజ్ఞలివ్వవచ్చు. వేసిన దారిని పట్టుకుని మలుపు మార్చవచ్చు, రవాణా విమానాలకు ఒకసారి దారి చూపిస్తే అవి దళాలను అవతలి గట్టుకు చేరవేస్తూనే ఉంటాయి, ఒక ఫ్యాక్టరీ చేసే పనికి మరొకదాన్ని సాయం పెట్టవచ్చు.

ఇదంతా హంగు, ఆర్భాటమేనని, పేలుళ్ల కోసమే జనం ఎగబడతారని అనేవాళ్లున్నారు. పేలుళ్లు లేవని ఎవరూ అనరు. టోటల్ యానిహిలేషన్‌కు జెరెమీ సోల్ కూర్చిన వాద్యబృంద సంగీతం కూడా ఆ ఆర్భాటంలో భాగమే. అయితే సుప్రీమ్ కమాండర్‌లో చేయి తిరిగినవాళ్లు ఎక్కువసేపు ఉండేది గుర్తులు మాత్రమే కనబడే ఆ ఎత్తులోనే. చూడముచ్చటైన యంత్రాలను, మంటలను వదులుకుని చదును పటం మీద చతురస్రాలు, త్రికోణాలు చూస్తూ గంటలు గడిపేవాళ్లను ఆర్భాటం పట్టి ఉంచిందని ఎలా అనగలం?

ఇంకాస్త బలమైన ఆక్షేపణ ఉంది. గడియారం ఆగని ఆటలో గెలిచేది వేళ్ల వేగమే కానీ వ్యూహం కాదని వంతులవారీ ఆటల అభిమానులు అంటారు. స్టార్‌క్రాఫ్ట్ పోటీల్లో మేటి ఆటగాళ్లు నిమిషానికి 300 చర్యలు చేస్తారు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. భారీ ఆటల్లో కూడా మొదటి కొన్ని నిమిషాలు, పది యంత్రాలు మాత్రమే ఉన్నప్పుడు, చేతి వేగానిదే పైచేయి. సంఖ్య పెరిగేకొద్దీ ఆ లెక్క మారుతుంది. ఇంగ్లండ్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లో అచ్చయిన తన పుస్తకంలో దూరం నుంచి కాల్చుకునే పోరుకు ఒక సూత్రం చెప్పాడు: సమాన ఆయుధాలున్నప్పుడు బలం సంఖ్యతో కాక సంఖ్య వర్గంతో పెరుగుతుంది. ఆ లెక్కన 50 ట్యాంకుల మీదికి 100 ట్యాంకులు వెళితే, ఆ యాభై నశించేసరికి ఇవతల సుమారు 87 మిగులుతాయి. నలుగురు నలుగురితో తలపడినప్పుడు గాయపడినవాణ్ని వెనక్కి లాగే నేర్పుతో ఫలితం తిరగబడవచ్చు. నాలుగు వందల పోరులో ఆ నేర్పు లాంచెస్టర్ వర్గాల కింద నలిగిపోతుంది. అప్పుడు తేల్చేది ఎవరు ఎక్కువ పోగుచేశారు, దాన్ని ఏ చోటికి చేర్చారు, పావుగంట ముందు గనికి, ఫ్యాక్టరీకి మధ్య ఏది ఎంచుకున్నారు అన్నదే. ఐదో నిమిషంలో తీసుకున్న నిర్ణయం ముప్పయ్యో నిమిషంలో పండటం, లేదా కుళ్లటం, కళ్లారా చూడటమే ఈ ఆటల రుచి.

పెద్దదైనంత మాత్రాన ఆ రుచి రాదు. 2010లో వచ్చిన సుప్రీమ్ కమాండర్ 2 మ్యాపులను చిన్నవి చేసి, ధర ముందే చెల్లించే పాత పద్ధతికి మళ్లింది. పాత ఆట అభిమానులు దాన్ని తమదిగా ఒప్పుకోలేదు. ప్లానెటరీ యానిహిలేషన్ దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా 22 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగై, 2014లో విడుదలైన ఆ ఆటలో గ్రహాలను గ్రహాలతో ఢీకొట్టించవచ్చు. అంతకన్నా భారీ ఏముంటుంది? కానీ గుండ్రటి నేల అవతలి వైపు ఎప్పుడూ కనబడదు. సేనాపతికి మొత్తం పటాన్ని ఒక్క చూపులో అందించిన ఏర్పాటునే అది పోగొట్టుకుంది. పరిమాణంలో అన్నిటినీ మించినా 2007 నాటి ఆట స్థానాన్ని అది తీసుకోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నేననుకుంటాను.

ఈ జాతి చచ్చిపోయిందని, వార్‌క్రాఫ్ట్ 3 మీద అభిమానులు అల్లిన డోటా లాంటి ఒక్క వీరుణ్ని నడిపే ఆటలే గెలిచాయని మార్కెట్ అంటుంది. అమ్మకాల లెక్కలో అది నిజమే. బ్లిజార్డ్ నలుగురి దగ్గర గీసిన గీతను డోటా ఒక్కడి దాకా దించింది, కోట్ల మంది అటే వెళ్లారు. సేనాపతి పని అందరికీ నచ్చదు, నచ్చాలనీ లేదు. నచ్చినవాళ్లు మాత్రం కంపెనీలు వెళ్లిపోయాక కూడా కదల్లేదు. సుప్రీమ్ కమాండర్ అధికారిక ఆన్‌లైన్ సేవ ఆగిపోతే ఆడేవాళ్లే ఫోర్జ్‌డ్ అలయన్స్ ఫరెవర్ పేరుతో సొంత సర్వర్ నిలబెట్టుకున్నారు. ఆట మొదలయ్యే ముందు అక్కడ ప్రతివారి పేరు పక్కన వారి ప్రాసెసర్ సత్తా అంకె కనబడుతుంది. అందరి కంప్యూటర్లూ ఒకే లెక్క కట్టాలి కాబట్టి, అన్నిటికన్నా నెమ్మదైన యంత్రం వేగమే అందరి వేగం. టోటల్ యానిహిలేషన్‌ను ప్రేమించిన కొందరు స్వీడన్ కుర్రాళ్లు, ఆడిన ఆటలను 3డీలో తిరిగి చూసుకోవడానికి మొదలుపెట్టిన పని స్ప్రింగ్ అనే ఇంజిన్‌గా ఎదిగింది. జీరో-కే, బియాండ్ ఆల్ రీజన్ ఆ ఇంజిన్ సంతతే. బియాండ్ ఆల్ రీజన్‌లో ఎనిమిది మంది మీద ఎనిమిది మంది తలపడే ఆటలకు గిరాకీ ఎక్కువ. జట్టులో ఒకరు వెనక కూర్చుని విద్యుత్తు, లోహం పెంచి ముందువరసకు పెద్ద యంత్రాలు అందిస్తారు. తుపాకీ పేల్చకుండానే ఆటను గెలిపించేది చాలాసార్లు ఆ వెనక మనిషే.

బియాండ్ ఆల్ రీజన్‌కు ధర లేదు, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. ఆడి చూడదలచినవాళ్లు మొదట చిన్న మ్యాపులో, కంప్యూటర్ ప్రత్యర్థి మీద దిగండి. తొలి పది నిమిషాలు ట్యాంకుల వంక చూడకుండా, తెర పైభాగంలో లోహం, విద్యుత్తు చూపించే రెండు గీతల మీదే కన్నుంచండి.