గౌతమీ ముఖమున నావలు, ఓడలు

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలుచోట యానాము వెలసినది. అచట 1954 వరకు ఫ్రెంచివారి పతాకము ఎగిరెను. ఇరుగుపొరుగున నున్న కోరంగి, కాకినాడ రేవులు 1947 వరకు ఆంగ్లేయుల ఏలుబడిలో నుండెను. ఏలికలు వేరైనను నీరొక్కటే, గాలి యొక్కటే. ఆ నీటిపై చిన్న నావయు పెద్ద ఓడయు ఒకదానికొకటి హాని కలుగకుండ సాగుటెట్లు? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పిన సమాధానమును పాఠకులకు విన్నవింపదలచితిమి.

కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణమునకు పేరొందిన రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచటివారు ‘కోరంగీ’లని పిలిచిరనిన, ఆ రేవు ప్రసిద్ధి ఎంతటిదో ఊహింపవచ్చును. 1839 నవంబరులో వచ్చిన తుపాను దానిని ధ్వంసము చేసెను. గోదావరి తెచ్చిన ఒండ్రు మిగిలిన లోతును పూడ్చెను. పిమ్మట వర్తకము కాకినాడను ఆశ్రయించెను. అచటను తీరమునొద్ద లోతు చాలదు. కావున పెద్ద ఓడలు దూరముగా లంగరు వేయగా, తెరచాప నావలు సరకులను చేరవేయుచుండెడివి. నావ లేనిదే ఓడకు గడవదు. ఓడ లేనిదే నావకు పని లేదు.

పొగ ఓడలు వచ్చిన పిదప చిక్కు పెరిగెను. తెరచాప నావ గాలికి ఎదురుగా తిన్నగా పోజాలదు. యంత్రము గల ఓడ తాను కోరిన దిక్కునకు మరలగలదు. ఈ భేదమును గుర్తించి 1840లో లండనులోని ట్రినిటీ హౌస్ సంస్థ కొన్ని నియమములను కూర్చెను. 1863లో బ్రిటిషు ప్రభుత్వము ఫ్రెంచి ప్రభుత్వముతో సంప్రదించి, మరింత సమగ్రమైన నియమావళిని అమలులోనికి తెచ్చెను. మరుసటి ఏటికి 30కి పైగా దేశములు దానిని అంగీకరించినవి. యానామును ఏలినవారును, కాకినాడను ఏలినవారును నీటిపై ఒక్క మర్యాదకు లోబడుట గమనింపదగిన విషయము.

1972లో కుదిరి, 1977లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నియమములకు మూలము ఇదియే. విశాలమైన నీటిలో యంత్రనౌక తెరచాప నావకు దారి ఈయవలెను. అంతమాత్రమున చిన్నదానికి సర్వాధికారము కలదని భ్రమింపరాదు. ఇరుకు కాలువలో ఆ లోతును విడిచి పోలేని పెద్ద ఓడకు తెరచాప నావ అడ్డు రాకూడదు. అట్టి చోట ప్రతి నౌకయు వీలైనంతవరకు తన కుడి అంచును పట్టి సాగవలెను. తెరచాప ఎత్తియున్నను, ఇంజను నడచుచున్నచో అది యంత్రనౌకయే యని గ్రహింపవలెను. ఇక రెండు తెరచాప నావలు ఎదురైనపుడు, గాలి ఎడమ ప్రక్కనుండి తగులుచున్న నావ తొలగవలెను. రెండింటికిని ఒకే ప్రక్కనుండి తగులుచున్నచో, గాలి వచ్చు వైపున నున్నది తొలగవలెను.

ఈ నియమములన్నింటను ఒక్క న్యాయమే కానవచ్చుచున్నది. ఎవరికి తొలగు శక్తి యున్నదో వారే తొలగవలెను. పెద్దరికము ప్రమాణము కాదు, పేదరికమును ప్రమాణము కాదు.

1997లో కాకినాడ లోతునీటి రేవు ప్రారంభమైనది. మహానౌక ఇంజనును ఆపినను చాలదూరము సాగిపోవును. దాని ముక్కు క్రిందికి వచ్చిన చిన్న పడవ పైనున్నవారి కంటబడదు. చేపలకై రాత్రివేళ పోవు మన బెస్తవారి పడవలో దీపము సకాలమున వెలుగుటయు, ఓడపై కావలివాడు మేలుకొని యుండుటయు ప్రాణరక్షణకు సమానముగా అవసరములు. ఒకరు చేసినచో చాలదు.

పెద్ద భాషల నడుమ తరతరములుగా బ్రదుకుచున్న మన కుటుంబములకు ఈ న్యాయము క్రొత్తది కాదు. అడ్డుపడక, అణగిపోక, తన దీపము తాను వెలిగించుకొని సాగుటయే కోరంగి నావికుల వారసులకు తగిన నడవడి యని మా విశ్వాసము.