ఓడ చార్జీ ఎవరిది?

1852లో దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి చిక్కింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి మళ్లు వేయడం ఊపందుకుంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ బియ్యానికి యూరప్ మార్కెట్ దగ్గరైంది. రంగూన్‌లో మిల్లులు లేచాయి, రేవు పెరిగింది, బస్తాలు మోసే మనుషులు చాలలేదు. ఇటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో మనుషులున్నారు, ఏడాది పొడవునా పని లేదు. ఓడ ఎక్కితే పని దొరుకుతుంది, కానీ ఓడ ఎక్కడానికి డబ్బు లేదు. వలస కూలీ చరిత్రలో సగం ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది.

మొదట ప్రభుత్వమే ఆ ఖర్చు భరించి చూసింది. 1870లలో బర్మా ప్రభుత్వం కాకినాడలో మనిషిని పెట్టి కూలీలను కుదుర్చుకుంది, 1876లో అందుకోసం ఒక చట్టం కూడా చేసింది. ఆ ఏర్పాటు ఎంతో కాలం నిలవలేదు. ఒప్పందం లేకుండా వెళ్లినవాడికే బయట ఎక్కువ కూలి దొరికేది. ప్రభుత్వం తప్పుకున్న చోట కూలీలను కుదిర్చే మేస్త్రీ కూర్చున్నాడు.

మేస్త్రీ అదే ఊరివాడో, పక్క ఊరివాడో. ఇంట్లో పెళ్లికో, పాత అప్పుకో అడ్వాన్సు ఇస్తాడు, ఓడ టికెట్టు కొంటాడు, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. కాకినాడ, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి డెక్కు మీద కిక్కిరిసి కూర్చుని జనం ‘రంగం’ (రంగూన్) వెళ్లేవారు. అక్కడ యజమాని కూలి డబ్బును గుంపుకంతా కలిపి మేస్త్రీ చేతికిచ్చేవాడు. పెద్ద మేస్త్రీ నుంచి చిన్న మేస్త్రీకి, అక్కడి నుంచి కూలీకి దిగేసరికి మెట్టుమెట్టుకూ వాటా తెగేది. అడ్వాన్సు కిస్తీ, తిండి ఖర్చు పోను మిగిలిందే కూలి. మనిషికి నడుం వాల్చేంత చోటు కూడా లేని బసల్లో పడుకునేవారు. ఎవరి దగ్గర ఎంత కాలం పనిచేశాడో యజమాని పుస్తకంలో కూలీ పేరు మీద ఉండేది కాదు. లెక్క అంతా మేస్త్రీ పద్దులోనే.

చట్టం సంగతి మరీ విచిత్రం. 1922 వలస చట్టం సముద్రం దాటి బ్రిటిష్ ఇండియా వెలుపలికి పోయే కూలీలకు కొంత రక్షణ ఇచ్చింది. సిలోన్, మలయాలలో భారత ప్రభుత్వ ఏజెంట్లు ఉండేవారు. బర్మా అప్పటికి ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక, సముద్రం దాటినా రంగం కూలీ చట్టం దృష్టిలో వలస వెళ్లినట్టే కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా. ఇంతమందికీ ఆ చట్టం వర్తించలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడలు ఆగకుండా కంట్రాక్టర్లు బర్మా కూలీలను దించారు. సమ్మె పరిష్కారమై మే 26న పాతవాళ్లు తిరిగి పనిలోకి రాగానే కొత్తవాళ్లను పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు. రెండు జట్లనూ చవగ్గా వాడుకున్న కంట్రాక్టర్లకు ఏమీ కాలేదు.

1937లో బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. చట్టానికి అప్పుడు రంగం కూలీ కనిపించాడు, అదీ అడ్డుకోవలసిన మనిషిగా. 1941 ఒప్పందం రాకపోకలకు అనుమతులు పెట్టింది. ఆ డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు పని ఆగిపోకూడదని, మగ కూలీలు డెక్కు టికెట్టు మీద ఓడ ఎక్కకుండా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. రమ్మన్నప్పుడు అప్పు మీద దొరికిన ఓడ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు దొరకలేదు. అరకాన్ కొండల మీదుగా, తము, ఇంఫాల్ దారిన లక్షల మంది కాలినడకన బయల్దేరారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలకు వేలు దారిలోనే రాలిపోయారు.

బర్మాలోనే మిగిలినవారికి, యుద్ధం తర్వాత తిరిగి వెళ్లినవారికి 1962 సైనిక ప్రభుత్వం గండి కొట్టింది. దుకాణాలు జాతీయమయ్యాయి, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఈసారి ఓడలను భారత ప్రభుత్వమే పంపింది. తరాల తరబడి సంపాదించింది అక్కడే వదిలి బర్మా కాందిశీకులు దిగారు. చిన్న వ్యాపారాలు పెట్టుకోవడానికి ప్రభుత్వం వారికి అప్పులిచ్చింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పుట్టింది. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. 

ఈలోగా ప్రపంచం కొన్ని నియమాలు రాసుకుంది. వలస కార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) ఒడంబడిక 1949లో వచ్చింది. శరణార్థికి పనిచేసుకునే హక్కును 1951 ఒడంబడిక గుర్తించింది. ఈ రెండింటిలోనూ భారత్ చేరలేదు. మన దేశంలో 1979 చట్టం రాష్ట్రాలు దాటే కూలీకి దారి ఖర్చు, ఫొటో అంటించిన పాస్‌బుక్ కంట్రాక్టరే ఇవ్వాలంది. 1983 వలస చట్టం విదేశాలకు పంపే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర రుసుమే తీసుకోకూడదని 2016లో ఐఎల్ఓ సూత్రం పెట్టింది.

ఆచరణలో మేస్త్రీ పేరు మార్చుకున్నాడు, అంతే. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ వీసాకు ఏజెంటు చేతిలో పోసేది వడ్డీకి తెచ్చిన డబ్బే. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబం, కూలీలను కుదిర్చే సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకునే రైలెక్కుతుంది. అది తీరేదాకా యజమాని తిట్టినా, కూలి ఎగ్గొట్టినా పని వదిలే దారి లేదు.

పనిలో గౌరవం గురించి మాట్లాడేవారు కూలి రేట్లు, బసలు, బీమాల దగ్గర మొదలుపెడతారు. అవన్నీ కావలసినవే. కానీ అడిగే ధైర్యం అప్పు లేనివాడికే ఉంటుంది. ప్రయాణ ఖర్చు యజమాని నెత్తిన పడి, కూలి డబ్బు నేరుగా కార్మికుడి ఖాతాలో పడిన రోజున మిగతా హక్కులను అతనే అడిగి తీసుకుంటాడు. వందేళ్ల రంగం అనుభవం తర్వాత కూడా ఆ ఖర్చును కూలీ నెత్తినే ఉంచడం తెలియక జరుగుతున్నది కాదు. అలా ఉంటేనే కూలి చవగ్గా దొరుకుతుంది.