రిలే కథ: తంతి తీగ నుంచి గిటార్ ఆంప్లిఫయర్ దాకా

యుద్ధాల చరిత్ర, రెజిమెంట్ల చరిత్ర ఇలాంటి సంచికల్లో పెద్దలు రాస్తూనే ఉంటారు. నేను సిగ్నల్స్‌లో పనిచేసినవాణ్ణి కనుక, అగ్గిపెట్టెలో పట్టే ఒక చిన్న వస్తువు చరిత్ర రాయదలచుకున్నాను. దాని పేరు రిలే. ఇంట్లో స్టెబిలైజరు ‘టక్’ మన్నా, జీపు హారన్ మోగినా లోపల పనిచేసేది అదే. పరికరం పుట్టుక తెలిసినవాడికి దాని జబ్బు కూడా త్వరగా దొరుకుతుందని నా నమ్మకం.

పూర్వం దూరప్రయాణాల్లో మజిలీ మజిలీకీ అలసిన గుర్రాన్ని విడిచి తాజా గుర్రాన్ని కట్టేవారు. ఆ పద్ధతినే ఇంగ్లీషువారు రిలే అన్నారు. విద్యుత్తులోనూ అదే సూత్రం. పొడవాటి తీగ చివరికి చేరేసరికి కరెంటు నీరసపడుతుంది. ఆ కాస్త కరెంటు ఒక ఇనుప ముక్క మీద చుట్టిన కాయిల్‌ను అయస్కాంతంగా మారుస్తుంది. ఆ అయస్కాంతం ఒక రేకును లాగుతుంది. ఆ రేకు కొత్త బ్యాటరీ కరెంటును తరువాతి తీగలోకి వదులుతుంది. 1835 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జోసెఫ్ హెన్రీ దీన్ని చేసి చూపించాడు. 1844లో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తంతి పంపాడు.

మన దేశంలో ఓషానెస్సీ అనే డాక్టరు 1839లోనే కలకత్తాలో తంతి ప్రయోగాలు చేశాడు. 1850లో కలకత్తా–డైమండ్ హార్బర్ లైను మొదలైంది. 1911 ఫిబ్రవరి 15న మన కోర్ ఆఫ్ సిగ్నల్స్‌కు పునాది పడింది. తంతి సేవ మాత్రం 2013 జూలైలో ముగిసిపోయింది. తంతి పోయినా రిలే పోలేదు.

టెలిఫోనులోకి రిలేలు, సెలెక్టర్లు రావడం వెనుక స్ట్రౌజర్ అనే అమెరికన్ ఉన్నాడు. ఆయన వృత్తి శవాలకు అంత్యక్రియలు ఏర్పాటు చేయడం. ఆపరేటరు తన ఖాతాదారుల కాల్స్ పోటీదారుకు కలుపుతోందని అనుమానం వచ్చి, ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజిని కనిపెట్టాడని చెబుతారు. 1891లో పేటెంటు వచ్చింది. 1941లో బెర్లిన్‌లో జూసే రెండు వేలకు పైగా రిలేలతో ఏకంగా లెక్కలు చేసే యంత్రమే కట్టాడు.

ఇక్కడ ఫౌజీలు గుర్తుంచుకోదగ్గ ఒక ముచ్చట చెప్పాలి. 1947 సెప్టెంబరు 9న అమెరికా నౌకాదళం కోసం హార్వర్డ్‌లో తయారవుతున్న యంత్రం ఒకటి మొరాయించింది. వెతికితే 70వ నంబరు రిలేలో చిమ్మట పురుగు చిక్కుకుని ఉంది. దాన్ని తీసి లాగ్‌బుక్కులో టేపుతో అంటించారు. ఆ బృందంలో ఉండి, తర్వాత రియర్ అడ్మిరల్ అయిన గ్రేస్ హాపర్ వల్ల ఈ కథ అందరికీ తెలిసింది. దోషం ఎక్కడుందో ఊహించకుండా వెతికి పట్టుకోవడం, పట్టుకున్నది రాసిపెట్టడం. మన వర్క్‌షాపుల పద్ధతి కూడా అదే గదా!

ఇక ఆంప్లిఫయర్ సంగతి. గిటార్ వాయించేవాళ్లు ఈనాటికీ ట్రాన్సిస్టరు కంటే వాల్వుల ధ్వనినే ఇష్టపడతారు. ఆ వాల్వుల్లో కొన్నింటికి మిలిటరీ చుట్టరికం ఉంది. 5881 అనేది 6ఎల్6 వాల్వుకు గట్టిపరచిన రూపం. అమెరికాలో ఫెండర్ చేసిన ఆంప్లిఫయర్లలో, 1962లో లండన్‌లో మార్షల్ మొదలుపెట్టిన ఆంప్లిఫయర్లలో అది పనిచేసింది. తరువాతి కాలంలో ఒకే పెట్టెలో రెండు ధ్వనులు, అంటే శుభ్రంగా ఒకటి, గరగరమంటూ ఒకటి, కావాలన్నారు. చేతులు తీగల మీద ఉంటాయి గనుక కాలితో మీట నొక్కితే ధ్వని మారాలి. ఆ మార్పిడికి మన పాత రిలేనే దొరికింది.

రిలేకు కరెంటు ఎక్కడిది? ఇంట్లో చేసుకునేవాళ్లు చాలామంది వాల్వు హీటర్లకిచ్చే 6.3 వోల్టుల వైండింగు నుంచే తీసుకుంటారు. ఈ 6.3 అనే వింత అంకె 1930లలో కారు రేడియోల నుంచి వచ్చింది. అప్పటి కారు బ్యాటరీలో మూడు గదులు, గదికి 2.1 వోల్టులు. మూడు రెట్లు వేస్తే 6.3. కారు బ్యాటరీ కోసం నిర్ణయించిన అంకె మీద, తరువాతి కాలపు రెగ్యులేటర్‌ను కూర్చోబెడుతున్నామన్నమాట. జబ్బంతా అక్కడే ఉంది.

సికింద్రాబాదులో మా పాత సహచరుడి కొడుకు ఇలాంటి ఆంప్లిఫయర్ స్వయంగా కట్టుకున్నాడు. కార్యక్రమానికి రెండు రోజులే టైముంది. పగలు బాగానే పనిచేసేది. సాయంత్రం నాలుగు రిలేలూ కలిసి లాగాల్సి వచ్చినప్పుడు ఒకటి రెండు లాగేవి కావు. పైగా స్పీకరులో ‘గుంయ్’మని శబ్దం.

“అంకుల్, రిలేలు పాడయినట్టున్నాయి, నాలుగూ మార్చేద్దామా?” అన్నాడు.

“ఉండు బాబూ. సిపాయి నిలబడకపోతే ముందు రేషన్ అందిందా లేదా చూడాలి” అన్నాను.

పగలు ఎందుకు పనిచేస్తోందో ముందు లెక్క వేశాము. 6.3 వోల్టుల ఏసీ శిఖరం 8.9. బ్రిడ్జిలో రెండు డయోడ్లు కలిసి 1.4 తినేస్తాయి. మిగిలేది 7.5. 7805 రెగ్యులేటరు 5 వోల్టులు సరిగా ఇవ్వాలంటే లోపలికి సుమారు 7 ఉండాలి. అంటే చేతిలో మిగిలింది అర వోల్టే. నాలుగు రిలేలు కలిసి 160 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, 470 మైక్రోఫారడ్ కండెన్సరు మీద అలలు రెండు వోల్టులు దాటతాయి. ఆ అర వోల్టు ఆ అలల్లో ఎప్పుడో కొట్టుకుపోయింది. రిలేలు లాగుతున్నా శబ్దం రావడానికి కారణం అదే.

సాయంత్రం కొలిస్తే మెయిన్స్ 205 వోల్టులకు పడిపోయి ఉంది. హీటరు లైను 5.6కు దిగింది. రిలేలు లాగకముందు కండెన్సరు మీద 6.5 ఉంది. నాలుగూ ఆన్ చేయగానే 5.1. రెగ్యులేటరు నుంచి వచ్చేది 3.6. అయిదు వోల్టుల రిలే లాగడానికి సాధారణంగా 3.75 అయినా కావాలి. కనుక రిలేల తప్పు ఏమీ లేదు. కొత్తవి వేసినా ఇదే బాధ.

మందు తేలికే. మామూలు డయోడ్ల స్థానంలో షాట్కీ డయోడ్లు వేశాము. వాటిలో పోయేది ఒక్కోదానికి 0.4 వోల్టే. కండెన్సరు 4700కు పెంచాము. 7805 స్థానంలో, అర వోల్టు తేడాతోనే పనిచేసే ఎల్ఎమ్ 2940 పెట్టాము. సాయంత్రం లోవోల్టేజీలో కూడా నాలుగు రిలేలూ టక్కుమని లాగాయి, శబ్దమూ పోయింది. ప్రోగ్రాం రోజున కుర్రాడు ధైర్యంగా స్టేజీ ఎక్కాడు.

ఇలాంటివి కట్టుకునే పిల్లలకు మూడు జాగ్రత్తలు. హీటరు వైండింగు మధ్య పాయింటు ఛాసిస్‌కు కలిపి ఉంటే, బ్రిడ్జి మైనస్‌ను కూడా ఛాసిస్‌కు కలపకూడదు. కలిపితే వైండింగులో సగం డయోడు గుండా షార్టవుతుంది. రెండు, ప్రతి రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు ఉండాలి. లేకుంటే ఆఫ్ చేసినప్పుడు ఎగిరే వోల్టేజీ పక్క భాగాలను కాల్చేస్తుంది. మూడోది ప్రాణానికి సంబంధించింది. వాల్వు ఆంప్లిఫయర్లో నాలుగు వందల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. వాటిని రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఆన్‌లో ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవడం పాత మెకానిక్కుల నియమం.

కనిపించినదాన్ని మార్చేయడం ఈ రోజుల్లో సులువైంది, వస్తువులూ చవకే. కానీ లోడు మీద కొలవకుండా మార్చిన మరమ్మతు, రెక్కీ లేకుండా కదిలిన దళం లాంటిది. జబల్పూరు సిగ్నల్స్ ట్రైనింగులో, తిరుమలగిరి ఈఎంఈ కాలేజీలో నేర్చుకున్న పాతతరం మన సంఘంలో ఇంకా ఉంది. వాళ్ల దగ్గర పిల్లల్ని ఓ గంటసేపు కూర్చోబెట్టండి. మీటరు పట్టుకునే అలవాటు మనతోనే ఆగిపోకూడదు.

జై హింద్.