సర్తాన్ మీద ఎవరి నజర్?

ఉర్దూలో కాన్సర్‌ను సర్తాన్ అంటాం. అంటే ఎండ్రకాయ. సంస్కృతంలో కర్కటం, లాటిన్‌లో కాన్సర్, అన్నీ ఎండ్రకాయలే. పేరు పెట్టడం ఆసాన్, పట్టుకోవడమే ముష్కిల్.

మసానా కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి సంగతే తీసుకోండి. సూదితో తీసిన ముక్కకు రంగు వేసి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తారు. మినియాపొలిస్‌లో మాజీ సైనికుల దవాఖానాలో పనిచేసిన డోనాల్డ్ గ్లీసన్ 1966లో దీనికో కొలత ఇచ్చాడు. కణాలను ఒక్కొక్కటిగా కాదు, గ్రంథుల నక్షా మొత్తం చూడమన్నాడు. అయిదు నమూనాలు బొమ్మ గీసి చూపించాడు. ఎక్కువగా కనబడే రెండు నమూనాల నంబర్లు కలిపితే స్కోరు. కొన్ని మార్పులతో ఇవాళ్టికీ నడుస్తున్నది అదే.

కానీ ఆ నక్షా చదివేది ఇన్సాన్ కన్నే కదా! మా అలియాబాద్‌లో ఒక బుజుర్గ్ ముక్కకు ఒకచోట ఆరు వచ్చింది, ఇంకోచోట ఏడు. ఒక్క అంకె తేడాయే అనుకోకండి. ఆరైతే చాలామందికి కనిపెట్టుకుని ఉంటే చాలు. ఏడైతే ఆపరేషన్, రేడియేషన్ మాట మొదలవుతుంది. ఖర్చు, పరేషానీ, పెద్దాయన మిగిలిన జిందగీ, అన్నిటి ఫైసలా ఆ అంకె మీదే.

ఈ ఇఖ్తిలాఫ్ తగ్గించడానికే కంప్యూటర్‌ను పిలిచారు. 2020లో ‘పాండా’ అనే పోటీ జరిగింది. 65 దేశాల నుంచి 1,290 మంది, నేర్పడానికి 10,616 బయాప్సీల బొమ్మలు. ఫలితాలు 2022లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చాయి. మంచి ప్రోగ్రాములు పెద్ద డాక్టర్ల మాటతో బాగానే కలిశాయి. మాషా అల్లాహ్! అయితే వాటికి సబక్ నేర్పిన స్లైడ్లు నెదర్లాండ్స్, స్వీడన్‌లవి. బయటి పరీక్ష అమెరికా, యూరప్ స్లైడ్ల మీద. రంగు వేసే తీరు మారినా, స్కానర్ మారినా ఇలాంటి ప్రోగ్రాములు తడబడవచ్చు.

ఈ విషయంలో మన హైదరాబాద్ తవారీఖ్‌లో ఒక పాత కథ ఉంది. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని విలాయత్ డాక్టర్లు కొట్టుకుంటుంటే, 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ ఇక్కడే రెండు కమిషన్లు నడిపాడు. డబ్బు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద తజ్రుబా చేసి, ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు ఖత్రా లేదని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు: కొద్దిపాటి క్లోరోఫాంకే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చని. నాకు లారీ మీద గుస్సా లేదు. తప్పో ఒప్పో, తేల్చుకోవడానికి సొంత ఊళ్లో కూర్చున్నాడు.

రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట కాన్సర్ దవాఖానా ఉంది. మా ఊరి పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది. నేను అడిగేది ఛోటా సా కామ్. మన రోగుల స్లైడ్లు తీసుకుని, పేర్లు దాచి, మెషీన్ ఇచ్చిన అంకె, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా ఇచ్చిన అంకెలు పక్కపక్కన రాయండి. ఎక్కడ కలవలేదో ఆ స్లైడ్లు ముందు చూపించండి.