రాగిరేకుల అర నుండి డిస్కుల కొట్టు వరకు

1816వ సంవత్సరమున ఎ. డి. క్యాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణము మదరాసులో అచ్చయినది. తిరుపతి కొండమీది ఆలయములో వేలకొలది రాగిరేకులపై చెక్కిన రచనలున్నవని విని, వాటిని పరిశీలించి రమ్మని తానొక మనిషిని పంపిన సంగతి ఆయన ఆ గ్రంథములో చెప్పినాడు. ఒక వ్యాకరణ గ్రంథము తప్ప తక్కినవన్నియు స్వామివారి మీది కీర్తనలే అని తేలినది. దొరకు కావలసినది వ్యాకరణము. దానికి ప్రతి వ్రాయించుకొన్నాడు. కీర్తనలు ఉన్నచోటనే ఉండిపోయినవి. అవి తాళ్ళపాక కవుల సంకీర్తనలు. తరువాత నూరేండ్లు గడచి, 1920ల ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన ఆ రేకులు వెలికి వచ్చువరకు, వాటిలోని సాహిత్యము చదువరుల కందలేదు.

వస్తువు భద్రముగనే ఉన్నది. కాని కావలసినవారి చేతికి రాలేదు. దాచుట ఒక పని, అందించుట మరియొక పని. ఈ రెండింటిని ఒకే ఏర్పాటుతో సాధించుటకు జరిగిన ప్రయత్నమే నేడు కార్యాలయములలోను, కళాశాలలలోను కనిపించు నెట్‌వర్కు డిస్కు నిల్వల చరిత్ర.

రేకుకొక సంఖ్య

అన్నమాచార్యుడు (1408–1503) 32 వేల సంకీర్తనలు రచించినాడని ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యములో చెప్పినాడు. 16వ శతాబ్దిలో కుమారుడు పెదతిరుమలాచార్యుల పూనికతో వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములో రాతితో కట్టిన చిన్న అరలో భద్రపరచినారు. ఆ అరకే సంకీర్తన భాండారమని పేరు. ఎలుక కొరకని, చెద తినని, తడికి చివకని లోహమును ఎన్నుకొనుట ఆనాటి వారి ముందుచూపు.

అంతకంటె గమనింపదగినది వారు పాటించిన క్రమము. అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు వేరువేరు వరుసలు. రేకునకు సంఖ్య కలదు. ఒక్కొక్క రేకున సాధారణముగా ఆరు పాటలు; ప్రతి పాటకు ముందు రాగము పేరు. అందుచేత నేటికిని పండితులు ఒక పాటను పేర్కొన్నప్పుడు ఇన్నవ రేకులో ఇన్నవ పాట అని చెప్పగలుగుచున్నారు. ఎంత పెద్ద నిల్వకైనను ఇదియే మూలసూత్రము: ప్రతి వస్తువునకు ఒక చిరునామా ఉండవలెను. చిరునామా లేని నిల్వ నిల్వ కాదు, పోగు మాత్రమే.

అయినను నేడు లభించు అన్నమయ్య సంకీర్తనలు 14 వేలకు అటునిటుగా ఉన్నవి. 32 వేలలో ఇది సగము కూడ కాదు.

తిరుగు పళ్ళెము

కంప్యూటర్లు పుట్టిన తొలినాళ్ళలో సమాచారమును చిల్లుల కార్డులమీద, అయస్కాంతపు టేపులమీద దాచెడివారు. టేపు చివరనున్న అంశము కావలెనన్నచో దానిని చివరిదాక తిప్పవలెను. గ్రామఫోను రికార్డు అట్లు కాదు. ముల్లును కోరిన పాటమీదనే పెట్టవచ్చును. ఈ సౌకర్యమునే అయస్కాంతపు నిల్వకు కల్పించినది డిస్కు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 చుట్లు తిరిగెడివి. టన్నుకు మించిన బరువుగల ఆ యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు. 1980లో సీగేట్ సంస్థ దాదాపు అంతే సమాచారమును చేతిలో ఇముడు పెట్టెలో అమర్చినది. డిస్కు బల్లమీదికి వచ్చినది.

ఒకే కొట్టు, పలు గుమ్మములు

బల్లకొక కంప్యూటరు రాగానే కొత్త చిక్కు పుట్టినది. ఒక పాఠశాలలో మార్కుల పట్టిక తరగతి ఉపాధ్యాయుని వద్ద ఒకటి, ప్రధానోపాధ్యాయుని వద్ద ఒకటి ఉన్నదనుకొందము. ఒకచోట దిద్దిన తప్పు రెండవచోట దిద్దుకొనబడదు. నెల తిరుగునప్పటికి ఏది సరియైనదో చెప్పుట కష్టము.

దీనికి మందుగా 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అను పద్ధతిని రూపొందించినది. డిస్కులన్నియు ఒక సర్వరు వద్ద ఉండును. దూరముననున్న కంప్యూటరు తంతి ద్వారా ‘ఫలాని ఫైలులో ఫలాని భాగము ఇమ్ము’ అని అడుగును, సర్వరు ఇచ్చును. వాడువానికి మాత్రము ఆ ఫైలు తన యంత్రములోనే ఉన్నట్లు తోచును.

అదే దశాబ్దమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఆండ్రూ ఫైల్ సిస్టమ్ తయారయినది. దానికి నాయకత్వము వహించిన మహదేవ్ సత్యనారాయణన్ తిరుపతికి పొరుగుననున్న మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. వేలమంది వాడుకొను కొట్టులో ప్రతి చిన్న పనికి సర్వరును అడిగినచో అది తట్టుకొనలేదు. కనుక ఫైలు నకలును వాడువాని యంత్రములోనే ఉంచి, అసలు మారినప్పుడు సర్వరే కబురు పంపు ఏర్పాటు చేసినారు.

వీటిలో అడుగువాడు ఫైలును పేరుతో అడుగును. మరియొక పద్ధతిలో ఫైలు ప్రసక్తియే లేదు. డిస్కులోని ఖండమును సంఖ్యతో అడుగుదురు. మొదటిది గ్రంథాలయాధికారిని పుస్తకము పేరు చెప్పి అడుగుట వంటిది. రెండవది బీరువాను, అరను చూపి అడుగుట వంటిది. సాధారణ ఇంటర్‌నెట్ తంతులమీదనే ఈ రెండవ పని జరుపు ఐ-స్కజీ పద్ధతికి 2004లో ప్రమాణము వెలువడినది.

చెడిపోవుటను లెక్కలో వేసుకొనుట

రాగిరేకు నాలుగు వందల ఏండ్లు నిలిచినది. డిస్కు కొద్ది ఏండ్లకే చెడవచ్చును. అట్టి వస్తువును నమ్ముట ఎట్లు?

1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు దీనికి సమాధానము ప్రకటించినారు. ఖరీదైన పెద్ద డిస్కునకు బదులు చౌకైన చిన్న డిస్కులను జతపరచి వాడవచ్చునని వారి సూచన. అయితే ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేయుననుకొన్నను, అట్టివి 100 కలిపినప్పుడు సగటున 300 గంటలకు, అనగా పండ్రెండున్నర దినములకు, ఏదో ఒకటి చెడును. కనుక చెడినదానిని తక్కినవాటినుండి తిరిగి రాబట్టు ఉపాయము కావలెను.

ఆ ఉపాయము చిన్న లెక్కయే. మూడు డిస్కులలో ఒకే స్థానమున 1, 0, 1 అను అంకెలు ఉన్నవనుకొందము. నాలుగవ డిస్కులో, మొత్తము ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అగునట్లు ఒక అంకె వ్రాయవలెను. ఇచట ఒకట్లు రెండున్నవి. కనుక 0 వ్రాయుదుము. ఇప్పుడు రెండవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే సరిసంఖ్యలో ఉన్నవి. కనుక పోయినది 0 అని తేలినది. మొదటి డిస్కు పోయినచో మిగులునవి 0, 1, 0. ఒకటి బేసి, కనుక పోయినది 1. విద్యార్థులు తరగతిలో నలుగురిని నిలబెట్టి ఈ లెక్కను ఆటగా ఆడి చూడవచ్చును. ఈ ఏర్పాటునకు రెయిడ్ అని పేరు.

కాపరి పని

ఇంతటితో నిశ్చింత అనుకొనుట పెద్ద పొరపాటు. ఒకడు ఫైలును పొరపాటున చెరిపినచో రెయిడ్ ఆ చెరుపును కూడ అంతే శ్రద్ధగా అన్ని డిస్కులలో నమోదు చేయును. నిప్పు, వరద, దొంగ వచ్చినప్పుడు డిస్కులన్నియు ఒకే పెట్టెలో పోవును. కనుక మూడు ప్రతులుండవలెను. అవి కనీసము రెండు విధములైన సాధనములమీద ఉండవలెను. అందులో ఒకటి మరియొక ఊరిలోనో మరియొక భవనములోనో ఉండవలెను.

కొట్టు నిర్వహించువాడు ముందుగా ఎవరెవరు వాడుదురో, ఎవరికి ఎంత చోటు కావలెనో లెక్క వేయవలెను. ఎవరు చదువవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో నిర్ణయింపవలెను. విద్యుత్తు ఆగినప్పుడు పని మధ్యలో తెగకుండ బ్యాటరీ అమర్చవలెను. చెడిన డిస్కును వెంటనే మార్చవలెను. ఏలయనగా మార్పు ముగియకముందే రెండవది చెడినచో పై లెక్క పనిచేయదు. కొన్ని సమయములలో డిస్కు చెడినట్లు తెలుపకయే అంకెలు మారిపోవును. దీనిని పట్టుటకు ప్రతి ఖండమునకు సరిచూపు మొత్తమును జతపరచు పద్ధతిని 2005లో సన్ సంస్థ బయటపెట్టిన జెడ్.ఎఫ్.ఎస్. ఆచరణలో చూపినది. అన్నిటికంటె ముఖ్యమైనది, దాచిన ప్రతినుండి ఒక ఫైలును అప్పుడప్పుడు తిరిగి తీసి చూచుట. తీసి చూడని ప్రతి ఉన్నదని నమ్మరాదు.

గాదంకి పాఠము

తిరుపతి, చిత్తూరు పట్టణముల నడుమనున్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనాలయము కలదు. అచటి రాడారు 1990ల ఆరంభమున పని మొదలుపెట్టినది. 1,024 ఆంటెనాలను వరుసలుగా నిలిపి, 53 మెగాహెర్ట్జుల తరంగములను ఆకాశమునకు పంపి, తిరిగివచ్చు మిక్కిలి సన్నని ప్రతిధ్వనులనుండి పైగాలుల గమనమును కొలుచుట దాని పని. నిన్న వీచిన గాలిని నేడు మరల కొలువలేము. వాతావరణములోని మెల్లని మార్పులు పాత కొలతలను కొత్తవాటితో పోల్చినప్పుడే బయటపడును. అట్టి కొలత ఒకటి పోయినచో, అది పాడిన నోటితోనే పోయిన పాట వంటిది.

రాగిరేకులు చెప్పు పాఠము మరియొకటి కలదు. వాటిపై సాహిత్యమున్నది, రాగము పేరున్నది. పాడు తీరు మాత్రము లేదు. అది గాయకుల గొంతులలో ఉండెను, వారితోనే పోయినది. అందువలన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు 20వ శతాబ్దిలో ఎన్నో పాటలకు స్వరములు కొత్తగా కూర్చవలసివచ్చినది. నేటి డిస్కులలోని ఫైలుకును ఇదే ముప్పు. అంకెలన్నియు చెక్కుచెదరకుండ ఉన్నను, వాటిని చదువు పద్ధతి మరుగున పడినచో అవి మూగవే. కనుక ఫైలుతోపాటు దానిని ఎట్లు చదువవలెనో కూడ వ్రాసి ఉంచవలెను. తాళ్ళపాకవారు లోహమును, సంఖ్యను, క్రమమును సమకూర్చినారు. పలు ప్రతులను, పలు గుమ్మములను, చదువు తీరును జతచేయుట తరువాతి తరముల వంతు.