విద్యార్థులును దేశీయ వైద్యమును

కళాశాలలఁ జదువు యువకులు మన వైద్యము నెఱుఁగరని పెద్దలు చింతించుచుందురు. ఆ చింత నేఁటిది కాదు.

1822వ సంవత్సరమునఁ గుంఫిణీవారు కలకత్తాలో దేశీయ వైద్య పాఠశాలను నెలకొల్పిరి. 1824లో వెలసిన సంస్కృత కళాశాలయందును గొలఁదికాలమునకే యాయుర్వేద తరగతి యేర్పడెను. అచ్చటి విద్యార్థులు చరక సుశ్రుతములతోఁబాటు పాశ్చాత్య శారీరశాస్త్రమును గూడ వినిరి. రెండు విద్యలు నొక్క పీటపైఁ గూర్చుండిన కాలమది. 1835లో బెంటింకు ప్రభువు ఆ పాఠశాలను, ఆ తరగతిని రద్దుచేసి, ఆంగ్లమున బోధించు వైద్యకళాశాలను స్థాపించెను.

సంస్కృత కళాశాలలోఁ జదివి, పిదప నచ్చటనే యుపాధ్యాయుఁడైన మధుసూదన గుప్తుఁడు నూతన కళాశాలయందు నియుక్తుఁడయ్యెను. 1836లో నాతఁడు శవచ్ఛేదము గావించి కీర్తి వడసెను. అది యాచార విరుద్ధమని పలువు రాక్షేపించిరి. కాని శవము నేడు రాత్రులు పాఱునీట నుంచి, యవయవములఁ బరీక్షింపవలయునని సుశ్రుతసంహితయే విధించుచున్నది! గ్రంథముఁ జదివినవానికిని, దానిపేరు మాత్రమే విన్నవారికిని భేదమిదియే.

చెన్నపురిలో సర్కారు దేశీయవైద్య పాఠశాల 1925లోఁ గాని వెలయలేదు. నడుమ తొంబదియేండ్లు! అంతకాలమును శొంఠి, కరక్కాయల గుణములను మఱవనీయనివారు పల్లెవైద్యులును, ఇంటి పెద్దలును. కావున సెలవులకు వచ్చిన మనుమనికి మూలిక పేరు మాత్రమే చెప్పి యూరకుండకుఁడు. మోతాదును, అది కూడని యెడను గూడఁ జెప్పుఁడు. అతఁడు పరీక్షింపఁగోరినచోఁ గోపింపకుఁడు. సుశ్రుతుఁడును గోపింపఁడు.