కిరాయి బండియా, సొంత కచ్చరమా?

సెలవులు వచ్చినవనిన ఇంటిల్లిపాదికిని ఊరు దాటి పోవలెనను కోరిక పుట్టును. పెద్దలు తీర్థమందురు, పిల్లలు వినోదమందురు. కాని వాకిట కుక్క కాపున్న యింట, పొయ్యి ప్రక్క పిల్లి పరున్న యింట, పయనమనగానే మరియొక మాట లేచును: వీనినేమి చేయుదుము? పొరుగువారు రెండు దినములు అన్నము పెట్టుదురు. పది దినములు పెట్టుమని అడుగుటకు మనకే నోరాడదు. రైలులో కుక్కను తోడు తీసికొనిపోవలెనన్న మొదటి తరగతి గది మొత్తము మనదై యుండవలెను. లేనియెడల గార్డు పెట్టెలోని బోనే దానికి గతి. బస్సు సంగతి చెప్పనక్కర లేదు.

ఈ చిక్కునకు విరుగుడుగా ఇల్లే చక్రములపై నెక్కినట్లుండు మోటారు బండ్లు వచ్చినవి. పడక, పొయ్యి, నీళ్లతొట్టి అన్నియు అందే యుండును. వీనిని కేరవానులందురు. కుక్కయు పిల్లియు మన కాళ్లచెంతనే పరుండి రావచ్చును. అయితే అట్టి బండిని కొనుట మేలా, కిరాయికి తెచ్చుకొనుట మేలా? ఇది నేటి ప్రశ్నవలె తోచును గాని, మన దక్కను దారులలో దీని వయస్సు మూడు వందల యేండ్లకు పైబడినది. బాన్సువాడ వంటి ఊరిలో కూర్చుండి ఆ చరిత్రను ఒకమారు తిరుగవేసి చూచినచో, సమాధానమునకు దారి దొరకునని మేము తలచుచున్నాము.

పదునేడవ శతాబ్దమున గోల్కొండ వజ్రముల కొరకు మన దేశమునకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ లెక్కను వ్రాసి పెట్టినాడు. ఆతని యాత్రాగ్రంథము 1676లో వెలువడినది. ఈ దేశమున గుఱ్ఱములకు మారుగా ఎద్దులే సవారీ బండ్లను లాగుననియు, తన బండికి కట్టిన రెండు ఎద్దుల వెల ఆరు వందల రూపాయలకు చేరువగా నుండెననియు ఆతడు చెప్పినాడు. అవి మామూలు ఎద్దులు కావు. అరువది దినముల పయనమునైనను దుడుకు నడకతో సాగించునవి. సగము దారి నడచిన పిమ్మట వానికి గోధుమపిండిని వెన్నతోను బెల్లముతోను పిసికి ముద్దలుగా పెట్టుదురట. సాయంకాలము నానవేసిన సెనగలు దాణా. ఇక కిరాయి బండి సంగతి: దినమునకు సుమారు ఒక రూపాయి. సూరతు నుండి ఆగ్రాకు ముప్పదియైదు నలువది దినముల దారి. మొత్తము కిరాయి నలువది మొదలు నలువదియైదు రూపాయలు. సూరతు నుండి గోల్కొండకును ఇంచుమించు అంతే దూరము, అంతే కిరాయి.

ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఎద్దుల జత వెల ఆరు వందలు. కిరాయి దినమునకు ఒకటి. అనగా ఆరు వందల దినములు ప్రయాణము చేసినగాని ఎద్దుల వెల తీరదు. ఏటికి రెండు నెలలు తిరుగువానికి పదియేండ్లు పట్టును. ఆ పదియేండ్లలో మిగిలిన పది నెలలును ఎద్దులు ఊరకుండవు, మేయుచునే యుండును. పదియేండ్లు గడచునప్పటికి ఎద్దు ముసలిదగును. కావున ప్రయాణము కొరకే ఎద్దులను కొనుట టావెర్నియే వంటి వజ్రముల వర్తకునికి తగునేమో గాని, సామాన్య గృహస్థునకు ఆ దినములలోనే గిట్టుబాటు కాలేదు.

మధ్యేమార్గమును పట్టినవారును కలరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. హైదరాబాదు దాటి, నిర్మల మీదుగా నాగపురము వైపు సాగిన ఆయన దారి మన ఇందూరు సీమ గుండనే పోయినది. పల్లకిని బోయీలు మోసిరి. డేరాలు వెంట నడచినవి. వందమంది పరివారముతో సాగిన ఆ యాత్ర కదలుచున్న ఒక చిన్న ఊరే. మోయువారికి కూలి, తలదాచు గుడ్డ మాత్రము వెంట నుంచుకొన్నది: కిరాయియు సొంతమును ఒక్క పయనమునందే కలిసిన తీరు అది.

అయితే బండి సొంతమా కిరాయా యను ప్రశ్నయే పుట్టని జనమొకటి మన నడుమ కలదు. బాన్సువాడ చుట్టుప్రక్కల తండాలలో నేడు స్థిరపడియున్న లంబాడీల పూర్వులు, అనగా బంజారాలు, ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోసికొని దేశమంతయు తిరిగిన వర్తకులు. పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఒక్క బిడారుగా సాగుచుండగా తాను చూచితినని టావెర్నియే వ్రాసినాడు. వారికి వేరే ఇల్లు లేదు. భార్యాబిడ్డలు, గుడారములు, దేవతలు అందరును ఎద్దుల వెంటనే. ఇల్లు, వాహనము, వృత్తి మూడును ఒక్కటే అయినప్పుడు ఎద్దు సొంతముగాక మరేమగును? రైలుబాటలును పక్కా రోడ్లును వచ్చి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వారి వర్తకమును మ్రింగివైచినవి. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము తిరుగుడు బ్రతుకు గల జనులను పలువురను అనుమానితులుగా ముద్రవేసినది. అట్లు బిడారు ఆగి తండా నిలిచినది.

ఆ బిడారులతో నడచిన జీవి మరియొకటి కలదు. సన్నని నడుము, పొడుగు కాళ్లు గల దక్కను వేటకుక్కను నేటికిని కారవాను కుక్క యనియే పిలుచుచున్నారు. ముధోలు కుక్క యనునది దానికి మరియొక పేరు. 2005లో తపాలా శాఖవారు దాని బొమ్మతో బిళ్లను వెలువరించిరి. ఇక ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా ఖపరీ గ్రామమున కుకుర్‌దేవ్ ఆలయమను గుడి యున్నది. దానినిగూర్చి జనులు చెప్పుకొను కథ ఇది. ఒక బంజారా అప్పు తీర్చలేక తన కుక్కను సాహుకారు వద్ద కుదువ పెట్టెను. దొంగలు సాహుకారు సొమ్మును దోచి పాతిపెట్టగా కుక్క ఆ చోటు చూపెను. సాహుకారు సంతసించి, అప్పు తీరినదని చీటి వ్రాసి దాని మెడకు కట్టి పంపివేసెను. మాట తప్పి పారివచ్చినదని బంజారా కోపించి దానిని చంపెను. పిదప చీటి చదివి, కుమిలి, గుడి కట్టించెను. కథలో నిజమెంత యన్నది అటుంచుడు. ప్రాణమున్న దానిని వస్తువువలె చేతులు మార్చినచో ఏమగునో మన పెద్దలకు తెలియునని మాత్రము ఈ కథ వలన తేలుచున్నది.

ఇప్పుడు ఊరిలోనికి వత్తము. ఇరువదవ శతాబ్దారంభమున సికిందరాబాదు నుండి మన్మాడు వైపు పోయిన రైలుబాట కామారెడ్డిని, నిజామాబాదును తాకినది గాని బాన్సువాడను తాకలేదు. కావున ఇచట ఎద్దులబండియే చాలకాలము దిక్కయినది. తెలంగాణమున కలవారి లోగిళ్లలో సవారీ కచ్చరముండెడిది. పైన గూడు, లోపల పరుపు, ఎద్దుల మెడలో మువ్వలు. రైతు ఇంట నుండినది మామూలు బండి. పెంట తోలుట, వడ్లు తెచ్చుట, కట్టెలు మోయుట దాని నిత్యకృత్యము. జాతర వచ్చినప్పుడు దానిపై తడికలు వంచి గూడు కట్టి, అడుగున వరిగడ్డి పరచి, బియ్యపు మూట, కుండలు, మ్రొక్కుబడి మేక, కోళ్లు ఎక్కించి, బాసర గోదావరికో మరియొక తీర్థమునకో ప్రయాణమయ్యెడివారు. ఇంటి కుక్క పిలువకయే బండి నీడన ఇరుసు క్రింద నడచివచ్చెడిది. రాత్రి బండి విప్పిన చోటనే పొయ్యి, పడక. నేటి కేరవానునకు అంతకంటె అధికముగా ఏమున్నది?

రైతునకు ఆ ప్రయాణము దాదాపు ఉచితమే. ఏలయన, ఏడాది పొడవునను పనిచేసి తమ వెల తీర్చుకొన్న ఎద్దులకు జాతర ఒక విడుపు. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరు కట్టబడి, కాలువ నీరు ఈ ప్రాంతమునకు పారిన పిమ్మట వరియు చెరకును పెరిగినవి. 1937లో బోధనున చక్కెర కర్మాగారము స్థాపింపబడగా బండ్లకు మరింత పని దొరకినది. ఇది గుర్తుంచుకొనవలసిన సూత్రము: సొంత బండిని నిలిపినది పండుగ పయనము కాదు, పనిదినముల పని.

కిరాయి బండి గతి వేరు. ఎక్కువ బేరములు తోలినచో ఎక్కువ రాబడి. కావున ఎద్దునకు విశ్రాంతి తక్కువ. ఎక్కినవాడు అది తన ఎద్దు కాదనును; తోలువాడు ఈ దినము గడువవలెననును. ఇరువురి నడుమను మూగజీవి నలిగినది. 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టము, 1965లో బరువు లాగు పశువులను గూర్చిన నియమములు ఇందుకే వచ్చినవి. పశువుచేత దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేక ఐదు గంటలకు మించి నడపరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటు చోట్ల పగలు పన్నెండు మొదలు మూడు గంటల వరకు కట్టరాదు. మన వేసవులలో ఈ కడపటి నియమము ఎన్ని దినములకు వర్తించునో చెప్పనక్కర లేదు.

1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. క్రమముగా బస్సులు పెరిగినవి, ట్రాక్టరు పొలమున దిగినది, ఎద్దు తగ్గినది. కచ్చరము కొట్టములో మూలబడినది. బస్సులో మనిషి వేగముగా పోయెను గాని, బండి నీడన నడచిన కుక్క ఇంటనే మిగిలిపోయెను.

సరిగా ఆ సుఖమును వెదకుచునే సీమలో ఒకడు మరల బండి కట్టినాడు. నౌకాదళమున వైద్యుడుగా నుండి విరమించిన గోర్డన్ స్టేబుల్సు 1885లో బ్రిస్టలు నగరపు కర్మాగారమున ఒక గృహశకటమును చేయించి, వాండరరు అని పేరిడినాడు. రెండు గుఱ్ఱములు లాగగా, హరికేన్ బాబ్ అను పెద్ద కుక్కను, చిలుక జాతి పక్షి నొకదానిని వెంటబెట్టుకొని, ఇంగ్లండు నుండి స్కాట్లండు వరకు 1300 మైళ్ల పయనమును గూర్చి గ్రంథము వ్రాసినాడు. వినోదము కొరకే కట్టిన మొదటి కేరవాను అదియే యని చెప్పుదురు. 1907లో అచట కేరవాను క్లబ్బు ఏర్పడినది. 1910లో అమెరికాలో పియర్స్ యారో కంపెనీ పడకయు తొట్టియు గల మోటారును ప్రదర్శించినది. 1951లో జర్మనీయుల ఫోక్స్‌వాగను క్యాంపరు వచ్చినది. మన దేశమున 2021లో కేరళ ప్రభుత్వము కేరవాను విహారమునకు ప్రత్యేక విధానమును ప్రకటించినది.

ఎద్దు పోయి యంత్రము వచ్చినను టావెర్నియే లెక్క మారలేదు. బండి వెలను దినపు కిరాయిచే భాగించుడు. ఎన్ని దినములు తిరిగిన వెల తీరునో తేలును. మీ ఇంటికి ఏటికి ఎన్ని సెలవు దినములు దొరకునో దానితో పోల్చుడు. మేత తినని యంత్రమునకును భీమా, పన్ను, టైర్లు, నిలుపు చోటు అను మేత యున్నది. ఎండకు నిలిచిన బండి ముసలి ఎద్దువలెనే వెల తగ్గును. ఏటికి పది పదునైదు దినములు మాత్రమే తిరుగు కుటుంబమునకు కిరాయియే మేలు. ఏటిలో నాలుగైదు నెలలు దారిలోనే గడుపువారికో, బండియే పనిచోటైనవారికో సొంతము తగును. బంజారాలు చూపినదియు, రైతు చూపినదియు ఇదియే.

కాని కుక్క యున్నవారికి లెక్క ఇంతటితో ముగియదు. కిరాయి బండికి జంతువులను ఎక్కింతురో లేదో, అదనపు రుసుమెంతయో ముందే వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ఇంటి జీవికి ఇంటి వాసనయే ధైర్యము. కొత్త బండిలో అది మొదటి రెండు రాత్రులు నిదురపోదు. కావున దాని పాత గోనెను, దాని గిన్నెను తోడు తీసికొనిపొండు. బయలుదేరుటకు ముందే ఒక సాయంకాలము బండిలో కూర్చుండబెట్టి అలవాటు చేయుడు. అన్నిటికంటె ముఖ్యము: మూసిన బండి ఎండలో కొద్ది నిమిషములలోనే కొలిమియగును. 1965 నియమములు ఎద్దు కొరకు వ్రాసినవే యైనను, పగలు పన్నెండు మొదలు మూడు వరకు చెట్టునీడన ఆగుటయను పద్ధతి కుక్కకును, మనకును మంచిదే.

బండిని కిరాయికి తేవచ్చును, కొనవచ్చును, అమ్మవచ్చును. వెంట వచ్చు జీవి మాత్రము కిరాయిది కాదు. ఏ బండి యెక్కినను అది మన సొంతమే, దాని మంచిచెడ్డలు మన పూచీయే. ఇరుసు క్రింద నడచిన ఆ పాత కుక్క బండి ఎవరిదని అడుగలేదు; బండిలో తనవారున్నారా యని మాత్రమే చూచినది.